ఆఫ్రికాలో స్థానికులు నడిపే పనికి మన కానుక చేరాలంటే ఏం చేయాలి

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ సంతకం పెట్టారు. అప్పటికి సూడాన్‌లో యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తోంది. ప్రభుత్వం లేని చోట, పెద్ద సంస్థల వాహనాలు వెళ్లలేని చోట, ఆ వీధి కుర్రాళ్లు, టీచర్లు, గృహిణులు కలిసి గుండిగల్లో పప్పు, జొన్న వండి చుట్టుపక్కల వాళ్లకు పెడుతున్నారు. ఆ సంతకం పడిన కొద్ది వారాల్లోనే అలాంటి వంటశాలలు వెయ్యికి పైగా మూతపడ్డాయి. మార్చి నాటికి అమెరికా విదేశీ సాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ సంస్థ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయి. జూలై 1న ఆ సంస్థ విదేశాంగ శాఖలో కలిసిపోయింది. బ్రిటన్ తన జాతీయ ఆదాయంలో సాయానికి ఇచ్చే వాటాను 2027కల్లా 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తానంది. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కూడా కోతలు పెట్టాయి.

ఈ లోటు మన కానుకలతో పూడేది కాదు. కానీ ఆ గుండిగ కింద మళ్లీ మంట వెలిగించడానికి కోట్లు అక్కర్లేదు. వండే మనుషులు అక్కడే ఉన్నారు. పప్పూ నూనే కొనడానికి నమ్మకంగా నెలనెలా వచ్చే కొంచెం డబ్బు కావాలి.

హైదరాబాద్‌లో మా చర్చి సంఘంలో మిషన్ కానుకల లెక్క చూసేది నేనే. నెలకు రెండు వేలు, మూడు వేలు ఇచ్చే ఇరవై కుటుంబాలు మావి. తొమ్మిదేళ్లుగా తూర్పు ఆఫ్రికాకు పంపుతున్నాం. మంచి పనికి పంపాం, తప్పులూ చేశాం. ఇక్కడ రాసేది ఆ అనుభవంతో రాస్తున్నదే. దశమ భాగం తీసే క్రైస్తవ కుటుంబాలకే కాదు, జకాత్ లెక్కగట్టే ముస్లిం కుటుంబాలకూ, నాన్నగారి పేరున ఏటా అన్నదానం చేసే ఇళ్లకూ ఇదే దారి పనికొస్తుంది.

1. ముందు ఇంట్లో లెక్క తేల్చుకోండి

ఎంత ఇవ్వగలరన్న దానికంటే ఎన్నేళ్లు ఇవ్వగలరన్నది ముఖ్యం. ఒకసారి లక్ష పంపి మర్చిపోయేవాళ్ల కంటే నెలకు రెండు వేల చొప్పున మూడేళ్లు పంపేవాళ్లే అక్కడి వాళ్లకు ఎక్కువ ఉపయోగపడతారు. 2025లో వాళ్లను దెబ్బతీసింది డబ్బు తగ్గడం ఒక్కటే కాదు, అది రాత్రికి రాత్రి ఆగిపోవడం. జీతం రాని నర్సు ఇంటికి వెళ్లిపోయింది. మందుల పెట్టె గోదాములో ఉండిపోయింది. మనం కూడా అలా ఉన్నట్టుండి ఆపేసేవాళ్లం కాకూడదు.

కాబట్టి పది కుటుంబాలు కూర్చుని, మూడేళ్లపాటు ఎవరెంత ఖాయంగా ఇవ్వగలరో కాగితం మీద రాసుకోండి. ఉత్సాహంలో ఐదు వేలు అన్నవారిని కాస్త ఆగమనండి. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు పోను మిగిలేదాంట్లోంచి ఇవ్వగలిగిందే రాయమనండి. ఇరవై కుటుంబాలు రెండేసి వేలు ఇస్తే ఏడాదికి 4,80,000 రూపాయలు. దాంట్లో పదో వంతు పంపకుండా పక్కన పెట్టుకోండి. ఎవరికైనా ఉద్యోగం పోయినా, రూపాయి విలువ పడిపోయినా అక్కడికి వెళ్లే మొత్తం తగ్గకుండా అది కాపాడుతుంది.

మీ విశ్వాసం ఈ డబ్బుకు పెట్టే నియమాలు కూడా ఇప్పుడే చూసుకోండి. జకాత్ అయితే ఏడాదిపాటు నిలిచిన సంపదలో 2.5 శాతం, అదీ ఖురాన్ చెప్పిన ఎనిమిది రకాల వాళ్లకే చేరాలి. కాబట్టి బావి తవ్వకానికో ఆఫీసు ఖర్చుకో అది వాడొచ్చా అన్నది ముందే మత పండితుణ్ణి, అంటే ఆలిమ్‌ని, అడగాలి. ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం సదఖాకు ఆ ఇబ్బంది లేదు. దశమ భాగం మొత్తం స్థానిక సంఘానిదే అని నమ్మేవాళ్లు దాన్ని కదపకుండా, పైన ఇచ్చే కానుకను దీనికి పెట్టుకోవచ్చు. ఈ విషయంలో పాస్టరుగారికి తెలియకుండా ఏమీ చేయకండి. తర్వాత మనస్పర్థలు వస్తాయి.

2. ఒక్క దేశం, ఒక్క జిల్లా

ఆఫ్రికా 54 దేశాల ఖండం. "ఆఫ్రికాకు సాయం చేద్దాం" అన్న మాటతో మొదలుపెడితే ఎక్కడికీ చేరం. ఒక దేశాన్ని, అందులో ఒక జిల్లాను, అందులో ఒక పనిని ఎంచుకోండి. ఏది ఎంచుకోవాలో తెలియకపోతే మీకు మనిషి తెలిసిన చోటే సరైన చోటు. మా సంఘంలో ఒకాయన ఫార్మా ఉద్యోగం మీద నైరోబీలో నాలుగేళ్లు ఉండి వచ్చారు. అందుకే మేం కెన్యాతో మొదలుపెట్టాం, అంతకుమించి కారణం లేదు.

తర్వాత ఆ చోటు గురించి ఆరు నెలలు చదవండి. వర్షాలు ఎప్పుడు పడతాయి, ఏ పంట వేస్తారు, ఏ భాష మాట్లాడతారు, బడి ఫీజులు ఏ నెలలో కట్టాలి. కెన్యాలో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది. మనం జూన్‌లో ఫీజు డబ్బు పంపితే వాళ్లకు సగం ఏడాది అప్పు అన్నమాట. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది.

తైత్తిరీయ ఉపనిషత్తులో గురువు శిష్యుడికి దానం ఎలా చేయాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వు, వినయంతో ఇవ్వు అని చెప్పి, చివర్లో సంవిదా దేయం అంటాడు. తెలుసుకుని ఇవ్వు అని.

3. అక్కడ ఇప్పటికే ఏం నడుస్తోందో వెతకండి

ఈ పనికి తొందరపడకండి. ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

మనం మామూలుగా ఏం చేస్తాం? అక్కడ ఏం లేదో చూస్తాం. నీళ్లు లేవు, బడి లేదు, ఆసుపత్రి లేదు. ఆ లేనిదాన్ని మనం కట్టిస్తాం. పైన దాత పేరున్న పలక పెడతాం. మూడేళ్లకు పంపు చెడిపోతుంది, బాగుచేయించే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. దానికి బదులు ఆ ఊళ్లో ఏముందో చూడండి. డబ్బు ఎలా పోగేసుకుంటారు, కష్టం వస్తే ఎవరింటికి వెళ్తారు, అందరూ కలిసి చేసే పని ఏమిటి.

కెన్యాలో హరంబే అంటారు, అందరం కలిసి లాగుదాం అని. 1963లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జోమో కెన్యాట్టా దాన్ని దేశమంతటికీ పిలుపుగా చేశారు. ఊళ్లవాళ్లు చందాలేసుకుని ఎన్నో బడులు కట్టుకున్నారు. అక్కడ ఆడవాళ్ల పొదుపు సంఘాన్ని చామా అంటారు. ఇథియోపియాలో చావు ఖర్చులకు ఊరంతా నెలనెలా వేసుకునే నిధి ఇద్దిర్. మన చీటీల్లాంటిదే వాళ్ల ఇక్కుబ్. దక్షిణాఫ్రికాలో స్టోక్‌వెల్ ఉంది. రువాండాలో ప్రతి నెలా చివరి శనివారం ఊరంతా కలిసి రోడ్డో కాలువో బాగుచేసుకుంటారు, దాన్ని ఉముగాండా అంటారు.

సూడాన్‌లో కష్టకాలంలో ఊరంతా కదలి రావడాన్ని నఫీర్ అంటారు. సూఫీ కేంద్రాల్లో బాటసారులకు, పేదలకు అన్నం పెట్టే చోటు తకాయా. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారి గురించి విన్నవాళ్లకు తకాయా అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ రెండు పాత అలవాట్లలోంచే యుద్ధంలో వీధివీధినా ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అనే బృందాలు పుట్టాయి. 2025లో వాళ్లకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. వంటశాలలు తెరిచింది ఎక్కువగా ఈ బృందాలే. వాళ్లకు మనం నేర్పేదేమీ లేదు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2002లో ఇథియోపియాలోని నజరేత్ పట్టణంలో, ఇప్పుడు అదామా అంటున్నారు, ఖలే హెయ్‌వెత్ చర్చి ఐదు పొదుపు సంఘాలతో ఒక పని మొదలుపెట్టింది. బ్రిటన్‌కు చెందిన టియర్‌ఫండ్ అనే క్రైస్తవ సంస్థ వెనక నిలబడింది. నమూనా ఎక్కడిదో తెలుసా? మన దేశంలోని మహిళా స్వయం సహాయక సంఘాలది. పదిహేను మందో ఇరవై మందో ఆడవాళ్లు వారానికోసారి కూర్చుని తలా కొద్ది నాణేలు వేసుకోవడం, ఆ డబ్బే ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకోవడం, తీర్మానాల పుస్తకం రాసుకోవడం. డ్వాక్రా చూసిన మన అమ్మలకు ఇది కొత్త కాదు. ఆ ఐదు సంఘాలు ఇప్పుడు వేలయ్యాయి. బయటి నుంచి వచ్చిన డబ్బు వాళ్ల పెట్టుబడికి పోలేదు. సంఘాలకు నేర్పే మనిషి జీతానికి, ఆ మనిషి బస్సు ఖర్చులకు పోయింది.

నైజర్ దేశంలోని మరాడీ ప్రాంతంలోనూ ఇలాంటిదే జరిగింది. 1991లో అక్కడ కేర్ అనే అంతర్జాతీయ సాయం సంస్థ హౌసా జాతి ఆడవాళ్ల పాత చీటీ అలవాటును తీసుకుని, మాతా మసు దుబారా పేరుతో పొదుపు సంఘాలుగా మార్చింది. సంఘం డబ్బు ఇనప పెట్టెలో ఉంటుంది. పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళం చెవులు ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ల దగ్గర. ఆ పద్ధతి తర్వాత ఖండమంతా పాకింది.

అదే మరాడీలో 1980ల మొదట్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మిషనరీ ఎడారి ఆపాలని మొక్కలు నాటేవాడు. దాదాపు అన్నీ చచ్చిపోయేవి. 1983లో ఒకరోజు దారి పక్కన పొద అనుకున్నది పరిశీలించి చూస్తే కొట్టేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన చిగురు. అలాంటి మోళ్లు పొలాల నిండా ఉన్నాయి. వేళ్లు బతికే ఉన్నాయి. రైతులు ఒకటి రెండు కొమ్మలు ఉంచి మిగతావి కత్తిరించి కాపాడితే చాలు, కొన్నేళ్లలో చెట్టు. రైతులే ఒకరిని చూసి ఒకరు చేసుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లలో సుమారు 50 లక్షల హెక్టార్లు పచ్చబడ్డాయి. మొక్కల నర్సరీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే దీనికి అయింది ఏమీ కాదు. ఆయన భక్తుడు, ప్రార్థనలో ఈ దారి దొరికిందని చెప్పుకుంటాడు. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ తర్వాత చెట్లు రైతులవే అయ్యాయి.

మీరు ఎంచుకున్న జిల్లాలో ఆ మోడు ఏమిటో కనుక్కోవడమే మీ పని.

4. మనిషిని ఎలా పట్టుకోవాలి

గూగుల్‌లో ముందు కనిపించేవి ఇంగ్లీషు బాగా రాయగలిగిన సంస్థలు. అవన్నీ మంచి పని చేసేవే కావాలని లేదు. మంచి పని చేసే చాలామందికి వెబ్‌సైటే లేదు.

డయోసిస్‌లు, మసీదు కమిటీలు, మిషన్ ఆసుపత్రులు దాదాపు ప్రతి జిల్లాలోనూ ఉంటాయి. కెన్యాలో ఆంగ్లికన్ సంఘానికి ఆంగ్లికన్ డెవలప్‌మెంట్ సర్వీసెస్ ఉంది. కాథలిక్కులకు దాదాపు ప్రతి దేశంలోనూ కారితాస్ అనే సాయం సంస్థ ఉంది. కెన్యా, ఘనా, ఉగాండా లాంటి చోట్ల క్రైస్తవ ఆసుపత్రులన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఉంటాయి. సమాఖ్యకు రాసి, ఫలానా జిల్లాలో మీ చిన్న ఆసుపత్రి ఏది, 2025లో దేనికి నిధులు ఆగిపోయాయి అని అడిగితే జవాబు వస్తుంది. కెన్యా కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 1997 నుంచి అక్కడివాళ్లే నడుపుతున్న సంస్థ. ఊరి సంఘాలకు డబ్బు చేర్చడమే దాని పని. సూడాన్ బృందాలకు నేరుగా పంపడం మనలాంటి వాళ్లకు కష్టం. మ్యూచువల్ ఎయిడ్ సూడాన్ కోఅలిషన్ లాంటి వేదిక ద్వారా వెళ్లాలి.

మన ఊళ్లోనే ఉన్న వాళ్లను మర్చిపోకండి. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో సూడాన్, సోమాలియా, ఇథియోపియా, టాంజానియా విద్యార్థులు ఏళ్లుగా చదువుతున్నారు. వాళ్లను భోజనానికి పిలవండి. మొదటిరోజే డబ్బు మాట ఎత్తకండి. వాళ్ల ఊరి గురించి అడగండి. మా లెక్కలో మూడేళ్ల నుంచి ఉన్న సంఘం పేరు మొదట చెప్పింది అలా మా ఇంటికి భోజనానికి వచ్చిన అమ్మాయే.

ఫేస్‌బుక్‌లో వందనాలు చెబుతూ, అనాథ పిల్లల ఫొటోలు పంపి బైబిళ్లకో బియ్యానికో డబ్బు అడిగే మెసేజ్‌లు మీకు వచ్చే ఉంటాయి. వాటికి పంపకండి. పంపనందుకు బాధపడొద్దు కూడా. అలాంటి మెసేజ్‌లు మన జిల్లాల నుంచీ విదేశాలకు వెళ్తుంటాయి. వాటిలో నిజమైన అవసరం ఉన్నవాళ్లూ ఉంటారు, కానీ ఫోన్ తెర మీద తేడా కనిపెట్టలేం.

5. అడగాల్సినవి, అడగకూడనివి

మొదటి కాల్‌లో నేను అడిగేది ఇది: "మా డబ్బు రాకపోయినా వచ్చే ఏడాది మీరు చేసే పని ఏమిటి?" దీనికి వెంటనే జవాబు చెప్పగలిగితే ఆ సంఘానికి వేళ్లున్నాయి. "మీరు ఏం చేయమంటే అది చేస్తాం" అంటే ఆగండి. ఆ మాటలో మోసం ఉండకపోవచ్చు. ఎన్నో ఏళ్లు దాతల చుట్టూ తిరిగి నేర్చుకున్న మాట అది. కానీ ఆ జవాబు మీద డబ్బు పెట్టలేం.

రెండోది: "కోతలు వచ్చినప్పుడు మీరు ఏది ఆపేశారు, ఏది ఎలాగైనా నిలబెట్టారు?" నిలబెట్టిందే వాళ్లకు ముఖ్యమైన పని. మన డబ్బు వెళ్లాల్సింది దానికే.

ఆ తర్వాత మామూలు లెక్కలు. బోర్డులో ఎవరు, వాళ్లు ఆ ప్రాంతంలోనే ఉంటారా? బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే ఎన్ని సంతకాలు కావాలి? రిజిస్ట్రేషన్ ఏది? కెన్యాలో 2024 మే నుంచి పబ్లిక్ బెనిఫిట్ ఆర్గనైజేషన్స్ చట్టం అమల్లో ఉంది, దాని కింద నమోదైందా చూడాలి. నైజీరియాలో కార్పొరేట్ అఫైర్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. గత రెండేళ్ల ఆడిట్ పంపమనండి. చిన్న సంఘానికి ఆడిట్ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు, తీర్మానాల పుస్తకం పేజీల ఫొటోలు చాలు. ఊళ్లో వాళ్లతో సంబంధం లేని ఇద్దరిని, ఒక హెడ్మాస్టర్‌నో నర్సునో, అడగండి.

ఇలా అడగడం అవమానం అనుకోవద్దు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము పేదల కోసం పోగైన డబ్బును ఒంటరిగా తీసుకెళ్లలేదు. ఎవరూ తప్పు పట్టకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పంపాడు. ఆ డబ్బులో మాసిదోనియ పేద సంఘాలు ఇచ్చిందీ ఉంది. వాళ్లు ఇబ్బందుల్లో ఉండే ఇచ్చారు.

పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు మాత్రం అడగకండి. మీ పేరున్న బోర్డు అడగకండి. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారని అడగకండి. సాయానికి మతాన్ని ముడిపెట్టకూడదని 1994లో రెడ్‌క్రాస్, ఇతర సంస్థలు కలిసి రాసుకున్న నియమావళిలోనే ఉంది. మన ఒంగోలు చరిత్ర ఈ విషయంలో ఇంకా పాతది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు. కూలీల ముఠాల మీద మేస్త్రీలుగా ఉన్నది మన తెలుగు బోధకులే. కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ రాకూడదని. మనకు సాయం చేసినవాళ్లు మన పట్ల పాటించిన మర్యాద అది. మనం ఇంకొకరి పట్ల అంతకంటే తక్కువ పాటించకూడదు.

అనాథాశ్రమాల గురించి ఒక మాట. మా మొదటి పెద్ద తప్పు అక్కడే. ఒక పిల్లల హోముకు రెండేళ్లు పంపాం. తర్వాత తెలిసింది, అక్కడున్న పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో అమ్మమ్మో ఆ పక్క ఊళ్లోనే ఉన్నారు. హోములో తిండి, బడి దొరుకుతాయని పంపించారు. మేం పంపిన డబ్బుతో ఆ పిల్లలకు ఫీజు, యూనిఫాం, ఇంటికి ఇంత మొక్కజొన్న పిండి ఇస్తే ఇంట్లోనే పెరిగేవాళ్లు. ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే పిల్లల కోసం అయితే, పిల్లలు ఇంట్లోనే ఉండేలా చూసే సంఘానికే పంపండి.

6. డబ్బు పంపే దారి

ఇక్కడ అందరికీ టెన్షన్ ఉంటుంది, కానీ చట్టం తెలిస్తే కష్టమేం కాదు.

ఇండియాలో ఉంటే సంఘం ఖాతా నుంచో ట్రస్టు ఖాతా నుంచో పంపకండి. మన ధార్మిక ట్రస్టులు ముందస్తు అనుమతి లేకుండా దేశం బయట ఖర్చు చేస్తే ఆ మేరకు పన్ను మినహాయింపు పోతుంది. రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ వ్యక్తులకు మాత్రమే. దాని కింద ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, విరాళం కూడా అందులో ఒక కారణమే. బ్యాంకుకు వెళ్లి పాన్ చూపించి, ఫారం ఏ2 నింపి, కారణం దగ్గర విరాళం అని నిజమే రాయండి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షలు దాటితేనే దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడుతుంది. మనం అంతదాకా వెళ్లం. ఈ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ఆ సంగతి ఇచ్చేవాళ్లందరికీ ముందే చెప్పండి.

ప్రతి బదిలీకీ మన బ్యాంకు, మధ్య బ్యాంకు, అక్కడి బ్యాంకు తలా కొంత తీసుకుంటాయి. అందుకే నెలనెలా పోగేసి మూడు నెలలకోసారి పంపండి. ఛార్జీలన్నీ పంపేవారివే అన్న ఎంపిక పెట్టమని బ్యాంకును అడగండి, లేకపోతే అక్కడికి చేరే మొత్తం ప్రతిసారీ ఒకలా ఉండదు, వాళ్ల లెక్క తప్పుతుంది. పంపేది సంఘం పేరున్న బ్యాంకు ఖాతాకే. హవాలా వద్దు, ఎవరి చేతికో నగదు ఇచ్చి పంపడం వద్దు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు దారి వేరు. విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. గ్లోబల్‌గివింగ్ లాంటి అమెరికా నమోదు సంస్థ ద్వారా ఇస్తే వస్తుంది. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు అక్కడి నమోదు సంస్థ ద్వారా ఇస్తూ గిఫ్ట్ ఎయిడ్ పత్రం నింపితే ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. చాలామంది మన వాళ్లు ఆ కాగితం నింపరు, అదంతా ఊరికే పోతోంది. దుబాయ్, అబూధాబీల్లో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్త. యూఏఈలో లైసెన్సు లేకుండా విరాళాలు పోగుచేయడం నేరం, వాట్సాప్ గ్రూపులో అయినా సరే. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువుల డబ్బును ఇక్కడి సంఘం ఖాతాలో వేయించుకుని అక్కడి నుంచి పంపుదాం అనే ఆలోచన వద్దు. అది విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి వస్తుంది.

వస్తువులు పంపకండి. పాత బట్టలు అక్కడి సంతల్లో కుప్పలుగా ఉన్నాయి.

7. షరతులు తగ్గించండి

2016లో పెద్ద దాత దేశాలు, సంస్థలు కలిసి గ్రాండ్ బార్గెయిన్ అని ఒప్పందం చేసుకున్నాయి. 2020కల్లా అత్యవసర సాయంలో నాలుగో వంతు వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకే ఇస్తామన్నారు. దాని దరిదాపులకు కూడా రాలేదు. స్థానికుల దగ్గరకు వచ్చిన డబ్బులో కూడా ఎక్కువ భాగం ఒక ప్రాజెక్టుకు కట్టేసిందే. డీజిల్‌కు పనికిరాదు, అకౌంటెంటు జీతానికి పనికిరాదు. మీరు పంపే డబ్బు దేనికి వాడాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. ఇది వినడానికి భయంగా ఉంటుంది. మా కమిటీలో ఒక పెద్దాయన ఏడాదిపాటు ఒప్పుకోలేదు.

ఆయన మనసు మార్చింది ఉత్తర ఉగాండాలోని గూలూ దగ్గర లాకోర్ ఆసుపత్రి కథ. 1959లో కాథలిక్కుల కొంబోనీ మిషనరీలు మొదలుపెట్టారు. 1961 నుంచి ఇటలీ డాక్టరు పియేరో కోర్తి, కెనడా సర్జన్ లుసీల్ టీస్‌డేల్ దంపతులు దాన్ని పెంచారు. స్థానిక డాక్టర్లను తయారుచేసి వాళ్ల చేతుల్లో పెట్టారు. 2000లో ఎబోలా వచ్చినప్పుడు ఆసుపత్రిని నడిపింది ఆ ప్రాంతం వాడే అయిన డాక్టర్ మాథ్యూ లుక్వియా. భయపడి వెళ్లిపోబోయిన నర్సులను నిలబెట్టి, తనూ వార్డులోనే ఉండి, ఆ జబ్బుతోనే డిసెంబరు 5న చనిపోయాడు. ఆ దంపతులు కూడా ఇప్పుడు లేరు. ఆసుపత్రి నడుస్తూనే ఉంది, నడిపేది ఉగాండా వాళ్లే. ఆ దంపతుల పేరున ఇటలీలో పెట్టిన ఫౌండేషన్ రోజువారీ ఖర్చులకు ఏళ్ల తరబడి డబ్బు పంపుతూ వస్తోంది. కరెంటు, మందులు, జీతాలు. అంటే ఎవరూ ఫొటో తీయని ఖర్చులు.

రిపోర్టు విషయంలో కూడా తేలిగ్గా ఉండండి. మూడు నెలలకోసారి పది నిమిషాల వాయిస్ మెసేజ్, ఖర్చుల పుస్తకం ఫొటో. మేం పెట్టిన షరతు ఒక్కటే, అనుకున్నట్టు జరగని విషయం ఒకటైనా చెప్పాలి. మొదట మొహమాటపడ్డారు. మా తప్పులు మేం ముందు చెప్పాక వాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు.

ఊరివాళ్లు కూడా తమ వాటా వేసుకోవాలని అడగొచ్చా అంటే, మామూలు రోజుల్లో అడగొచ్చు, వాళ్లే వేసుకుంటారు కూడా. కరువులో, యుద్ధంలో అడగడం అన్యాయం.

8. ఏదైనా చెడిపోతే

చెడుతుంది. ఒకసారి లెక్కలో డబ్బు తేడా వచ్చింది. మాలో సగం మంది వెంటనే ఆపేద్దామన్నారు. మేం ముందు ఫోన్ చేసి అడిగాం. కోశాధికారి భార్య ఆపరేషన్‌కు డబ్బు వాడుకున్నాడు, సంఘంలో వాళ్లకూ అప్పుడే తెలిసింది. వాళ్లే సమావేశం పెట్టుకుని అతన్ని తప్పించి, నెలనెలా కట్టించుకున్నారు. ఆ తీర్పు మేం చెప్పి ఉంటే అంత బాగా ఉండేది కాదు. అలాగని ప్రతిసారీ ఓపిక పట్టాలని కాదు. రెండోసారి అదే జరిగితే, అడిగినా జవాబు రాకపోతే, ఆపేయండి. ఆపేముందు మూడు నెలల గడువు రాసి పంపండి. ఆ మూడు నెలల డబ్బు ఆపకండి, దాని మీద ఆధారపడ్డ నర్సో టీచరో ఎవరో ఒకరు ఉంటారు.

మూడేళ్లు నిండే ముందు ఇంకెన్నేళ్లు కొనసాగించాలో కలిసి మాట్లాడుకోండి. ఎప్పటికీ పంపుతామని మాటివ్వకండి.

ఇక మొదలుపెట్టడం. ఈ ఆదివారం ఆరాధన తర్వాత, లేదా వచ్చే శుక్రవారం నమాజు తర్వాత, ఐదు కుటుంబాలను టీకి పిలవండి. ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. ఎవరెంత, ఎన్నేళ్లు అన్నది రాయండి. ఆఫ్రికాలో ఎవరికైనా తెలిసినవాళ్లు ఉన్నారా అని అడగండి. మా బల్ల దగ్గర ఆ ప్రశ్న అడిగినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నైరోబీలో పనిచేసి వచ్చిన ఆయన ఫోన్ తీసి, తనతో పనిచేసిన డ్రైవరు నంబరు వెతకడం మొదలుపెట్టారు.